దూప లేని ఆదివారం కోసం వినతిపత్రం

హైదరాబాద్ నగర పాలన, పార్కులు, ప్రజా రవాణా, ట్రాఫిక్, ఆహార భద్రత చూసే గౌరవ అధికారులకు

ఉప్పల్ వైపు ఒక అపార్ట్‌మెంటు సముదాయంలో ఉంటున్న 31 కుటుంబాల వాళ్లం సమర్పించుకుంటున్న వినతి

విషయం: శని, ఆదివారాల్లో షికారుకు, సినిమాకు, హోటల్ భోజనానికి బయటికొచ్చే మామూలు కుటుంబాలకు మంచినీళ్లు, మరుగుదొడ్డి, కూర్చునే చోటు, రాత్రి ఇల్లు చేరే సౌకర్యం కల్పించవలసిందిగా కోరడం.

అయ్యా, అమ్మా,

మాలో ప్రైవేటు బడి టీచర్లున్నారు, టైలర్లున్నారు, క్యాబ్ నడిపేవాళ్లున్నారు, పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లున్నారు. నెలకోసారి, జీతాలు పడ్డాక వచ్చే మొదటి ఆదివారం, రెండు మూడు కుటుంబాలం కలిసి "ఎటన్నా పోదాం" అనుకుంటాం. ఆ ఎటన్నా పెద్దగా మారదు. నెక్లెస్ రోడ్డు, ట్యాంక్‌బండ్, చార్మినార్, జూ, శిల్పారామం, ఏడాదికోసారి నుమాయిష్ ఎగ్జిబిషన్, పిల్లల పరీక్షలయ్యాక ఒక మల్టీప్లెక్స్ సినిమా. చివర్లో బిర్యానీ. వారమంతా రెండు గదుల్లో ఒకరి భుజం ఒకరికి తగులుతూ తిరిగేవాళ్లం, ఆ నాలుగు గంటలే మాకు గాలి.

మా అపార్ట్‌మెంటు మహిళల తరఫున లెక్కలు, ఉత్తరాలు చూసేది నేనే. అందుకే మా ఇంటి సంగతితో మొదలుపెడుతున్నాను.

మా అత్తమ్మకు డెబ్బై రెండేళ్లు, షుగర్ ఉంది. బయటికి పోయే రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె మంచినీళ్లు ముట్టదు. అడిగితే "దూప అయితలేదు బిడ్డా" అంటుంది. దూప అవుతుంది. తాగితే మళ్లీ పోవాల్సి వస్తుంది, ఎక్కడికి పోవాలో తెలియదు, అదీ అసలు మాట. ఇది ఆమె ఒక్కదాని అలవాటే అనుకున్నాను. మా మీటింగులో ఈ మాట ఎత్తితే, ఇంటర్ చదివే పిల్ల దగ్గర్నుంచి అందరం అదే పని చేస్తున్నామని బయటపడింది. ఒకావిడయితే హోటల్లో మిర్చీ కా సాలన్ జోలికే పోదట, కారం తింటే నీళ్లు తాగాలి కదా అని. మగవాళ్లు ఈ చర్చంతా విని కాసేపు ఏమీ అనలేదు. వాళ్లకు ఈ నగరంలో ప్రతి గోడా ఒక ఏర్పాటే.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం చెరువు గట్టు మీద అత్తమ్మకు కళ్లు తిరిగాయి. కూర్చోబెట్టడానికి బల్ల లేదు. ఉన్న రెండు బల్లల మీదా సెల్ఫీలు దిగుతున్న కుర్రాళ్లున్నారు. మక్క కంకులు కాల్చే ఆమె తన పీట లాగి ఇచ్చింది, తన సీసాలో నీళ్లిచ్చింది, విసనకర్రతో నిప్పులు విసరడం ఆపి అత్తమ్మకు విసిరింది. నీళ్లు తాగిన పావుగంటకు మరుగుదొడ్డి వెతుకులాట మొదలైంది. మొదట దొరికినదానికి తాళం. తలుపు సందులోంచి చూస్తే చీపుళ్లు, బ్లీచింగ్ పౌడర్ సంచులు. రెండోది తెరిచే ఉంది గానీ లోపల బల్బు లేదు, గడియ లేదు. నా కూతురు ఒక చేత్తో తలుపు లాగి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ లైటు వేసి నిలబడింది. బయట కుర్చీ వేసుకున్నాయన ఐదు రూపాయల బోర్డు కింద కూర్చుని పది తీసుకున్నాడు. ఆ తర్వాత నెల "ఎటన్నా పోదాం" అంటే అత్తమ్మ "మీరు పోయి రాండ్రి, నేను టీవీ చూస్త" అంది. మేం అడిగే కోరికలన్నీ ఆమె మళ్లీ చెప్పులేసుకోవడానికే.

అందుకని మా మొదటి కోరిక మరుగుదొడ్లు. జనం పోగయ్యే ప్రతి చోటా ఆడవాళ్లకు విడిగా ఉండాలి, చివరి మనిషి ఇంటికి పోయేదాకా తెరిచి ఉండాలి. రాత్రి ఎనిమిదికి తాళం వేస్తే, ఎనిమిదిన్నరకు అక్కడున్న వేల మంది ఏం చేస్తారో తాళం వేసేవాళ్లకు తెలియనిది కాదు. లైటు, గడియ, కుళాయిలో నీళ్లు ఉండాలి. మోకాళ్లు వంగని పెద్దవాళ్ల కోసం కుర్చీ లాంటి కమోడ్ ఒక్కటన్నా పెట్టాలి. గోడకు ఒక కొక్కెం కొట్టించాలి. నవ్వకండి, భుజాన బ్యాగుతో, చేతిలో పసిపిల్లతో లోపలికి పోయి ఆ బ్యాగు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డ ప్రతి ఆడమనిషికీ ఆ కొక్కెం విలువ తెలుసు. పాలిచ్చే తల్లులకు ఒక మూల తెర కట్టినా చాలు.

ఇదంతా కాని పని అనడానికి లేదు. గణేశ్ నిమజ్జనం రోజు హుస్సేన్‌సాగర్ చుట్టూ తాత్కాలిక మరుగుదొడ్లు వరసగా దిగుతాయి, నీళ్ల ప్యాకెట్లు పంచుతారు, లైట్లు పట్టపగలులా వెలుగుతాయి, దారి తప్పిన పిల్లల కోసం మైకులో పిలుస్తారు. ఆ ఒక్క రోజుకు లక్షల మందికి చేయడం తెలిసిన నగరానికి ఆదివారాలు ఒక లెక్క కాదు. ఆ ఏర్పాటులో పదో వంతు ప్రతి ఆదివారం నిలబెట్టమని అడుగుతున్నాం.

రెండోది మంచినీళ్లు.

హోటల్లో కూర్చోగానే సర్వర్ సీసా పట్టుకుని వస్తాడు. "మినరలేనా సార్?" అని అడిగే లోపే మూత సగం తిరిగి ఉంటుంది. పిల్లల ముందు, పక్క టేబుల్ వాళ్ల ముందు "మామూలు నీళ్లు తేవయ్యా" అనడానికి ఇంటాయనకు నోరు రాదు. అన్న రోజున వచ్చిన జగ్గు అంచున పాత పులుసు వాసన. ఆరుగురం ఉంటే సీసాలు నాలుగైదు లేస్తాయి, ఆ డబ్బుతో ఇంకో ప్లేటు కబాబ్ వచ్చేది. తనిఖీకి వెళ్లే ఆహార భద్రత అధికారులు ఫ్రిజ్‌లో మాంసం ఎన్నాళ్లదో చూస్తారు, పత్రికల్లో ఫోటోలు వస్తాయి, సంతోషం. అదే రోజు ఆ మామూలు నీళ్ల జగ్గునూ ఒకసారి చూడండి. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో అడగండి. "ఇక్కడ తాగునీరు ఉచితం" అని కౌంటర్ దగ్గర బోర్డు పెట్టించండి.

సినిమా హాళ్ల సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. బయటి తినుబండారాలు తేవద్దనే హక్కు హాలువాళ్లకు ఉందని సుప్రీంకోర్టు 2023 జనవరి 3న చెప్పింది. అదే కోర్టు, తాగునీరు ఉచితంగా అందుబాటులో ఉండాలనీ, పసిపిల్లలకు కావలసిన ఆహారం తల్లిదండ్రులు తెచ్చుకోవచ్చనీ కూడా చెప్పింది. మొదటి సగం గేటు దగ్గర అక్షరాలా అమలవుతుంది, బ్యాగులో చెగోడీల పొట్లం కూడా దాటదు. రెండో సగం అమలు కావాలంటే ఫిల్టర్ ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి. మేం వెళ్లిన ఒక హాల్లో అది మరుగుదొడ్డి తలుపు పక్కన, గ్లాసు లేకుండా, దోసిలి పట్టి తాగేలా ఉంది. పాప్‌కార్న్ ధర తగ్గించమని మేం అడగడం లేదు. అది వాళ్ల వ్యాపారం, కొనకపోతే మనకు పోయేదేమీ లేదు. దూప అలా మానుకునేది కాదు.

బిల్లుల గురించి నాలుగు మాటలు. హోటళ్లు సర్వీస్ చార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళితే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి, బల్ల మీదికి వచ్చే బిల్లులో అప్పుడప్పుడూ ఆ చార్జీ ఇంకా కనబడుతూనే ఉంది. తీసేయమంటే తీసేస్తారు, ఆ మాట నిజమే. కానీ అడిగినవాణ్ని పిసినారిని చూసినట్టు చూస్తారు, ఆ చూపుకే చాలామంది ఇచ్చేసి వస్తారు. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో కౌంటర్ ముందు ఒక బోర్డు ఉంటే మేం అడగాల్సిన పనే ఉండదు. అట్లాగే ధరల పట్టిక గుమ్మం బయట పెట్టించండి. కూర్చున్నాక, నీళ్లు పోశాక, మెనూ తెరిచి చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "ఫోన్ వచ్చింది, అర్జెంటుగా పోవాలి" అని అబద్ధమాడి లేచి వచ్చిన కుటుంబాలు మా 31లోనే మూడున్నాయి. బయట గోడ మీద చూసుంటే ఆ నాటకం ఉండేది కాదు. ఈమధ్య మెనూ పుస్తకమే మానేసి బల్ల మీద ఒక నల్లచుక్కల స్టిక్కరు అంటిస్తున్నారు. ఫోన్ పెట్టి చదువుకోవాలట. మా అత్తమ్మ దాన్ని చెయ్యితో తుడవబోయింది.

మాల్స్‌లో పార్కింగు మీద రాష్ట్ర ప్రభుత్వం 2018లోనే జీవో 63 ఇచ్చింది. మొదటి అరగంట ఉచితం, ఆపైన గంట దాకా కొన్న బిల్లు చూపిస్తే రుసుము తీసుకోకూడదు. ఆ జీవోలోని మాటలు గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించండి. ఇంతకంటే దీని మీద రాసేదేమీ లేదు.

బండ్ల మీద తిండి గురించి మాత్రం కాస్త ఎక్కువ రాయాలి. మా ఆదివారానికి రుచి అక్కడే ఉంది. ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు అయ్యాక పిల్లలు చాట్ బండి దగ్గరే ఆగుతారు, పెద్దవాళ్లం మిర్చి బజ్జీల దగ్గర. ఎవరో జబ్బుపడ్డ వార్త రాగానే బండ్లు ఎత్తేయడం మొదలవుతుంది. పచ్చి గుడ్డుతో చేసే మయొనీజ్‌ను 2024 అక్టోబర్ చివర్లో రాష్ట్రంలో ఏడాదిపాటు నిషేధించారు, మంచిదే చేశారు. కానీ మా కళ్లముందు ఉన్న లోపం వేరు. పానీపూరీ అతని దగ్గర ఒకటే బకెట్ నీళ్లుంటాయి. సాయంత్రం ఐదుకు తెచ్చుకున్న ఆ బకెట్‌లోనే తొమ్మిదింటిదాకా ప్లేట్లు ముంచుతాడు. అతనికి శుభ్రత తెలియక కాదు, దగ్గరలో కుళాయి లేదు. బకెట్ నింపుకురావడానికి పోతే బండి చూసేవాళ్లుండరు, ఆ పది నిమిషాల్లో పోయే గిరాకీ తిరిగి రాదు. మునిసిపల్ బండి వచ్చి అతన్ని తీసుకుపోతే మరుసటి వారం అదే బకెట్ రెండు సందుల అవతల తేలుతుంది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. వాళ్లకు గుర్తింపు పత్రాలు, అమ్ముకునే జోన్లు, వాళ్ల ప్రతినిధులు కూర్చునే కమిటీ అన్నీ అందులో ఉన్నాయి. వాటికి తోడు జోన్‌కు ఒక కుళాయి, ఒక మురుగు తూము, ఒక కరెంటు పాయింటు, రెండు చెత్తడబ్బాలు ఇప్పించండి. తర్వాత శుభ్రంగా లేడని జరిమానా వేస్తే మేమూ మీ పక్కనే నిలబడతాం.

మా తప్పు కూడా ఒప్పుకోవాలి. కంకి బెండ్లు, కాగితం ప్లేట్లు, చాయ్ కప్పులు గట్టు మీద వదిలేసేది మాలాంటివాళ్లే. చెత్తడబ్బా పొంగిపోతోందన్న సాకు కొంత నిజం, కొంత బద్ధకం. మా కుటుంబాల వరకూ సంచి తెచ్చుకుని చెత్త ఇంటికి మోసుకుపోవాలని తీర్మానం రాసుకున్నాం. హుస్సేన్‌సాగర్ కంపు గురించి ఈ పత్రంలో రాయడం లేదు. దానికి వేరే పత్రం, వేరే తరం కావాలేమో.

కూర్చునే చోటు. సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండుకు బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు జనం కూర్చుని చూస్తారు. పిల్లలు ముందు, ముసలివాళ్లు వెనక, కొట్టిన దెబ్బలు లెక్కపెడుతూ. కూర్చోనిస్తే జనం ఎంత నెమ్మదిగా ఉంటారో అక్కడ చూడొచ్చు. అదే జనం బయట గట్టు మీద నిలబడి నిలబడి విసుక్కుని, హోటల్లో కాసేపు కూర్చోవచ్చని అవసరం లేని చాయ్ చెప్పుకుంటారు. డబ్బు ఖర్చు పెట్టకుండా కూర్చునే చోటు ఈ నగరంలో రానురాను తగ్గిపోతోంది. వీపు ఆనించుకునే బల్లలు, కాస్త చెట్టు నీడ పెంచండి. మాకు కొత్త జెయింట్ వీల్ అక్కర్లేదు, రంగులు మార్చే ఫౌంటెన్ అక్కర్లేదు.

చోటు ఇవ్వడం ఎలాగో మీరే ఒకసారి చూపించారు. 2021 ఆగస్టు 29 నుంచి ఆదివారం సాయంత్రాలు ఐదు నుంచి పది దాకా ట్యాంక్‌బండ్ మీద వాహనాల రాకపోకలు ఆపేశారు. ఆ అక్టోబర్‌లో చార్మినార్ దగ్గరా అలాగే మొదలుపెట్టారు. నడిరోడ్డు మీద మా పిల్లలు చెప్పులు విప్పి పరుగెత్తారు. ఎప్పుడూ బస్సు కిటికీలోంచి చూసే విగ్రహాల పేర్లు ఆ రోజు దగ్గరికి పోయి ఒక్కొక్కటే చదివాం. తర్వాత ఆ ఊపు తగ్గింది. ఏ ఆదివారం ఉంటుందో, ఏ ఆదివారం ఉండదో తెలియని పండుగకు ఎవరూ బట్టలు కుట్టించుకోరు. నెలలో కనీసం రెండు ఆదివారాలు, ఏడాది పొడుగునా, తేదీలు ముందే ప్రకటించి మళ్లీ మొదలుపెట్టండి.

ఇక ఇంటికి రావడం. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక మా ఆడవాళ్ల షికారు మారిపోయింది. జీరో టికెట్ చేతిలో పడ్డాక "బస్సుకు ఎంతవుతుంది" అన్న ప్రశ్న పోయింది. ఇప్పుడు మిగిలింది "బస్సు ఎప్పుడొస్తుంది" అన్నదే. ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక నెక్లెస్ రోడ్డు వైపు నుంచి ఉప్పల్ రావడానికి ఎదురుచూసి చూసి ఆటో ఎక్కితే, నలుగురి బిర్యానీ ధర ఆటోకే పోతుంది. మెట్రో మూడు కారిడార్లలో 69 కిలోమీటర్లు ఉంది, మాకు నాగోల్ లైను ఒక వరం. కానీ శని, ఆదివారాల్లో చివరి రైలు పదకొండుకు. తొమ్మిదింపావు సినిమా చూసినవాళ్లకు అది అందదు. నుమాయిష్ రోజుల్లో ఆర్టీసీ అదనపు బస్సులు నడుపుతుంది, మెట్రో వేళలు పొడిగించిన ఏళ్లూ ఉన్నాయి. 1938లో మొదలై ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగే ఆ ప్రదర్శనకు నగరం అంత మర్యాద చేస్తుంది. మిగతా పదిన్నర నెలల్లో శనివారం రాత్రులకూ, ఆదివారం రాత్రులకూ ఆ మర్యాదలో కొంత ఇవ్వండి. ట్యాంక్‌బండ్, చార్మినార్‌ల నుంచి ఉప్పల్, ఈసీఐఎల్, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, మెహదీపట్నం వైపు రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా అరగంటకో బస్సు, శనివారం అర్ధరాత్రి దాకా మెట్రో. బస్సు ఎక్కడ ఆగుతుందో అక్కడ ఒక వీధి దీపం, కనబడేలా ఒక మహిళా కానిస్టేబుల్ ఉండాలి.

పెద్ద సినిమా విడుదల రాత్రుల గురించి ఒక్క మాట. 2024 డిసెంబర్ 4న ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ప్రీమియర్ తొక్కిసలాటలో పిల్లలతో వచ్చిన ఒక తల్లి చనిపోయింది. మా ఇళ్లలో చాలామంది ఆ చౌరస్తాలో సినిమాలు చూస్తూ పెరిగినవాళ్లమే. హాలు ముందు ఎంతమంది నిలబడగలరో, లోపలికి, బయటికి దారులు ఏవో ముందే తేల్చి, అంతకు మించితే రోడ్డు మీదే ఆపే ఏర్పాటు ప్రతి ప్రీమియర్‌కూ తప్పనిసరి చేయండి.

ఆఖరి కోరిక మాది కాదు, మా మూడో అంతస్తులో ఉండే కుర్రాడిది. హోటల్లో సర్వర్‌గా చేస్తాడు. శని, ఆదివారాలు అతనికి ఊపిరాడదు, రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరతాడు. వారానికి సెలవు సోమవారం. కిందటి నెల చెల్లెలి పిల్లల్ని జూకి తీసుకెళ్తానని బయల్దేరి, గేటు దాకా పోయి తిరిగొచ్చాడు. నెహ్రూ జూపార్కుకూ సోమవారమే సెలవు. జంతువులకూ, వాటిని చూసుకునేవాళ్లకూ విశ్రాంతి కావాలి, కాదనడం లేదు. కానీ మన ఆదివారాన్ని మోసే సర్వర్లు, వంటవాళ్లు, మాల్ గేటు కాపలావాళ్లు, డెలివరీ పిల్లల్లో ఎంతోమందికి దొరికేది సోమవారమో మంగళవారమో. నెలలో ఒక్కసారన్నా జూ సెలవును వేరే రోజుకు మార్చి, ఆ సోమవారం తెరవండి. ఆ రోజు గుర్తింపు కార్డు చూపించిన పనివాళ్ల కుటుంబాలకు టికెట్‌లో తగ్గింపు ఇస్తే ఇంకా మంచిది.

పైన రాసినవన్నీ ఒకేసారి కావని మాకు తెలుసు. మొదట ఒక్క చెరువు గట్టు తీసుకుని, ఒక్క మూడు నెలలు, మరుగుదొడ్లు, కుళాయిలు, బల్లలు, రాత్రి బస్సులు నడిపి చూడండి. ఆ మూడు నెలల్లో తాళాలు ఎప్పుడు పడుతున్నాయో, బల్బులు ఎక్కడ పోతున్నాయో వారం వారం రాసి పంపే పని మా ఆడవాళ్లం తీసుకుంటాం. జీతం అక్కర్లేదు, ఫోన్ ఎత్తే మనిషి ఒకరు కావాలి.

మాట్లాడడానికి మమ్మల్ని పిలిస్తే సోమవారం నుంచి శనివారం దాకా ఎప్పుడైనా వస్తాం. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. ఈ నెల అత్తమ్మను ఎలాగో ఒప్పించాం, చార్మినార్ చూపిస్తామన్నాం.

ఇట్లు,
31 కుటుంబాల తరఫున,
మహిళల బృందం కార్యదర్శి
(సంతకాలు, ఇద్దరు పెద్దవాళ్ల వేలిముద్రలు జతచేశాం)